చెనక్కాయకు పట్టిన బూజు, పాలగ్లాసు దాకా వచ్చిన విషం

ప్రతి ఏటా ఈ సంపుటంలో పొదుపులు, రుణాలు, వసూళ్ల లెక్కలు ఉంటాయి. వాటితో పాటు మన పనికీ, మన ఇంటి తిండికీ సంబంధమున్న ఒక విషయం చరిత్రను కూడా రాసుకోవడం మంచిదని సమాఖ్య అనుకుంది. ఈసారి బూజు గురించి రాస్తున్నాం. చెనక్కాయలకు, జొన్నలకు, మొక్కజొన్నలకు పట్టే బూజు. పల్లీలన్నా, బుడ్డలన్నా, చెనక్కాయలన్నా, వేరుశనగ అన్నా ఒకటే. ఏ ఊరి అక్కలు ఏ పేరుతో చదువుకున్నా విషయం మారదు.

బూజు మనకు కొత్తదేం కాదు. నోట్లో చేదు గింజ పడితే పసిపిల్లయినా ఉమ్మేస్తుంది. అయితే ఆ బూజు వెనుక ఒక విషం ఉందనీ, ఆ విషం రంగూ రుచీ వాసనా తెలియకుండా కూడా గింజలో ఉండగలదనీ ప్రపంచానికి తెలిసి అరవై ఏళ్లు దాటింది. ఆ అరవై ఏళ్ల చరిత్రలో మన ప్రాంతానికి, మన ఆడవాళ్ల చేతిపనికి చాలా చోటు ఉంది. అందుకే ఇది మనం తెలుసుకోవాల్సిన చరిత్ర.

పాతరలు, గాదెలు

గింజ దాచడంలో మన పెద్దలకు రెండు సూత్రాలు తెలుసు. బాగా ఎండాలి, గాలి తగలకూడదు. నల్లరేగడి ఊళ్లలో జొన్నలను నేలలో పాతర తీసి, చుట్టూ గడ్డి పేర్చి, పైన మట్టితో మూసేవాళ్లు. లోపల గాలి అయిపోయి పురుగు బతికేది కాదు. పాతర తెరిచిన వెంటనే మనిషిని దింపేవాళ్లు కాదు. కొంతసేపు వదిలేసి, దీపం దించి చూసి, అది ఆరకపోతేనే దిగేవాళ్లు. గాదెల్లో, గరిసెల్లో పోసే గింజకు వేపాకు, బూడిద కలిపేవాళ్లు.

ఈ పద్ధతులు పురుగును బాగానే ఆపాయి. కానీ గింజ తడిగా లోపలికి పోతే, లేదా పాతరలోకి వాననీళ్లు దిగితే బూజును ఆపలేకపోయాయి. ముక్కిపోయిన గింజలను కడిగి, ఎండబెట్టి, విసురుకుని తినేవాళ్లు. కరువు కాలంలో ఇంకో దారి లేదు. కడిగితే బూజు పోతుంది, నిజమే. విషం పోతుందా అనే ప్రశ్న అప్పటికి ఎవరికీ రాలేదు.

వేరుశనగ మన నేలలో పుట్టిన పంట కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. నూనె మిల్లులు పెరిగాక రాయలసీమలో వర్షాధారపు చేలన్నీ ఆ పంటతో నిండిపోయాయి. అనంతపురం దేశంలోనే పెద్ద వేరుశనగ జిల్లాగా పేరు తెచ్చుకుంది. ఆ పంటతోనే ఈ విషం కథ మొదలయింది.

1960: ఇంగ్లండులో చచ్చిపోయిన కోళ్లు

1960లో ఇంగ్లండులో కొన్ని నెలల వ్యవధిలో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. ఏ రోగమో తెలియక దానికి ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అని పేరు పెట్టారు. అంటురోగమేమోనని వెతికారు, దొరకలేదు. చివరికి అన్ని ఫారాల్లోనూ కలిసేది ఒకటే కనిపించింది: దాణాలో కలిపిన వేరుశనగ చెక్క. అది బ్రెజిల్ నుంచి ఓడలో వచ్చింది.

ఆ చెక్కలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఉందని 1961లో తేల్చారు. ఆ బూజు తయారుచేసే విషానికి దాని పేరులోంచే ముక్కలు తీసి ‘అఫ్లాటాక్సిన్’ అని పేరు పెట్టారు. అతినీల లోహిత కాంతి కింద పెడితే ఈ విషంలో ఒక రకం నీలంగా, ఇంకో రకం పచ్చగా మెరుస్తుంది. ఇంగ్లీషులో ఆ రంగుల మొదటి అక్షరాలను బట్టే బి, జి అన్నారు. అన్నిటికంటే చెడ్డది బి1. అది పట్టేది కాలేయాన్ని. 1987 నాటికి అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్లను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వరుసలో పెట్టింది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఈ విషం కూడా తోడైతే కాలేయ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బిడ్డ పుట్టగానే వేయించే హెపటైటిస్ బి టీకాకు ఈ విషయంతో కూడా సంబంధం ఉందని అందుకే చెబుతున్నాం.

మన దగ్గర: ముందు గేదెలు, తర్వాత పిల్లలు

ఇంగ్లండు కోళ్ల సంగతి బయటికి వచ్చిన కొద్ది ఏళ్లకే మన ఆంధ్రప్రదేశ్‌లో ముర్రా గేదెలకు వేరుశనగ చెక్క విషంగా మారిన సంగతిని పశువైద్యులు రాశారు. 1965లో అది పశువైద్య పత్రికలో అచ్చయింది. 1982లో చిత్తూరు జిల్లా కోళ్ల ఫారాల్లో కోళ్లు పెద్ద ఎత్తున చనిపోయినప్పుడు కూడా దాణాలో దొరికింది ఈ విషమే.

పిల్లల సంగతి ఇంతకన్నా బాధాకరం. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశకాల్లో పిల్లల పోషకాహార లోపం పెద్ద సమస్య. వేరుశనగలో మాంసకృత్తులు బాగా ఉంటాయి, ధర తక్కువ. అందుకని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వేరుశనగ పిండి, శనగపిండి కలిపి ‘బహుళార్థ ఆహారం’ తయారుచేసింది. ఆలోచన మంచిదే. కానీ పిండి ఎంత మంచిదనేది దానికి వాడిన గింజ మీద ఆధారపడి ఉంటుంది. మైసూరులో పోషకాహార లోపంతో ఆసుపత్రికి వచ్చిన 20 మంది పిల్లలకు బలం కోసం వేరుశనగ పిండి పెట్టారు. ఆ పిండిలో అఫ్లాటాక్సిన్ ఉందని తర్వాత తెలిసింది, వెంటనే ఆపేశారు. అప్పటికే కొందరి కాలేయం పాడైంది. ఆ వైద్యుల నివేదిక 1971లో అచ్చయింది.

ఈ ఒక్క సంఘటన మన సంఘాలకు ముఖ్యం. ఈరోజు చిక్కీలు, పల్లీపట్టీలు, పిల్లల పొడులు తయారుచేసే సంఘాలు మనలో ఉన్నాయి. బలం కోసం పెట్టే తిండే పిల్లకు చేటు చేయగలదని ఈ చరిత్ర చెబుతోంది. అందుకే పిల్లల తిండికి వాడే గింజకు మిగతా గింజకన్నా గట్టి లెక్క ఉండాలి.

1974: కుక్కలు ముందే చెప్పాయి

1974 చివర్లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో రెండు వందలకు పైగా ఊళ్లలో జనానికి కామెర్లు వచ్చాయి, పొట్టలో నీరు చేరింది. అవి ఎక్కువగా ఆదివాసీ కుటుంబాల ఊళ్లు. వాళ్ల తిండి మొక్కజొన్న. ఆ ఏడాది కోత సమయంలో కాలం కాని కాలంలో వానలు పడి కంకులు తడిశాయి. ఉన్నది అదే కాబట్టి అదే తిన్నారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లి పరిశీలించారు. 397 మంది జబ్బుపడ్డారనీ, 106 మంది చనిపోయారనీ నమోదు చేశారు. మనుషులకు రాకముందే ఊరి కుక్కలకు అవే లక్షణాలు కనిపించాయి. ఆ ఇళ్లలో మిగిలిన రొట్టే కదా కుక్కకు పడేది. మనిషికన్నా చిన్న ఒళ్లు కాబట్టి కుక్క ముందు పడిపోయింది.

ముప్ఫై ఏళ్ల తర్వాత, 2004లో తూర్పు కెన్యాలో ఇదే మళ్లీ జరిగింది. ఇంట్లో తడిగా దాచుకున్న మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడ్డారు, 125 మంది చనిపోయారు. రెండు చోట్లా వాళ్లు కొని తెచ్చుకున్న తిండి కాదు. సొంత చేలో పండించి, సొంత ఇంట్లో దాచుకున్నది.

1995: దక్కనులో తడిసిన జొన్నలు

విషపు బూజు ఒకటే కాదు. 1995లో మన దక్కను పీఠభూమి ఊళ్లలో, ఇటు ఆంధ్రప్రదేశ్‌లో, అటు కర్ణాటకలో, జనానికి కడుపునొప్పి, కడుపులో గుడగుడలు, విరేచనాలు మొదలయ్యాయి. జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 50 ఊళ్లు తిరిగితే 27 ఊళ్లలో ఈ జబ్బు కనిపించింది. కోతల వేళ వానకు తడిసి, బూజు పట్టిన జొన్నలు, మొక్కజొన్నలు తిన్న ఇళ్లవి. వాటిలో దొరికిన విషం పేరు ఫ్యుమోనిసిన్. ఇది ఫ్యుజేరియం అనే వేరే బూజు చేసేది. ఆ గింజ తినడం ఆపాక జబ్బు తగ్గింది, ప్రాణాలు పోలేదు.

ఈ సంఘటనల్లో తడిసిన గింజ తినాల్సి వచ్చినవాళ్లు ఎవరో గమనించండి. మంచి గింజ కొనుక్కోగలిగిన ఇల్లు బూజు గింజ తినదు. ఇది బూజు కథే కాదు, పేదరికం కథ కూడా.

చేత్తో ఏరిన గింజ ఎవరికి పోతోంది?

వేరుశనగ వ్యాపారంలో ‘హెచ్‌పీఎస్’ అనే మాట అందరూ వాడతారు. చేత్తో ఏరి, ఎంపిక చేసిన గింజ అని దాని అర్థం. ఆ చేతులు ఆడవాళ్లవి. కాయల మిల్లుల్లో వరుసగా కూర్చుని నల్లబడినవి, ముడుచుకున్నవి, పగిలినవి, బూజు పట్టినవి ఏరి పక్కన వేసేది మన అక్కచెల్లెళ్లే.

ఈ ఏరివేతకు పెద్ద విలువ ఉంది. అఫ్లాటాక్సిన్ బస్తా అంతటా సమానంగా ఉండదు. కొద్ది గింజల్లోనే విపరీతంగా ఉంటుంది. ఆ కొన్నిటిని తీసేస్తే బస్తాలోని విషంలో ఎక్కువ భాగం పోతుంది. ఎంత కొద్ది విషం గురించి మాట్లాడుతున్నామో చూడండి. మన దేశంలో ఇంకా శుభ్రం చేయాల్సిన గింజకు చట్టం పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే పది క్వింటాళ్ల గింజల్లో 15 మిల్లీగ్రాములు, దాదాపు నాలుగు ఆవగింజల ఎత్తు. ఒకప్పుడు మన హద్దు 30గా ఉండేది. ఐరోపా దేశాలు నేరుగా తినే పల్లీలకు పెట్టుకున్న హద్దు 4 మాత్రమే.

అయితే ఏరి పక్కన వేసిన గింజ ఏమవుతుంది? పారేయరు. నూనె ఆడిస్తారు. విషంలో ఎక్కువ భాగం నూనెలోకి రాదు, చెక్కలో ఉండిపోతుంది. శుద్ధి చేసిన నూనెలో అది పోతుంది. గానుగ నూనెను వడకట్టకుండా వాడితే పిప్పితో పాటు కొంత వస్తుంది. చెక్క పశువుల దాణాకు, కోళ్ల దాణాకు పోతుంది. అంటే బాగున్న గింజ ఓడ ఎక్కి పోతోంది, ఏరేసిన గింజ మన కొట్టంలోకి తిరిగి వస్తోంది. ఇంట్లో కూడా ఇదే వరుస. మంచివి అమ్మకానికి, తాలువీ నల్లవీ ఇంటి చట్నీకి. తూకంలో నష్టం రాకూడదని చూసుకునే ఇంట్లో చివరికి ఆ నష్టం పడేది తల్లీపిల్లల మీద.

దాణా నుంచి పాలలోకి

గేదె తిన్న బి1 విషంలో కొంత భాగం ఒంట్లో మారి ‘ఎం1’గా పాలలోకి దిగుతుంది. తిన్నదాంట్లో సుమారు నూటికి ఒకటి నుంచి మూడు వంతులు అలా వస్తుందని లెక్క. పాడైన చెక్క పెట్టిన మర్నాటికే పాలలో కనిపిస్తుంది. ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. పాలు కాచినా పోదు, తోడు పెట్టినా పోదు.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశమంతటా చేసిన పాల సర్వే ఫలితాలు 2019లో వచ్చాయి. 6,432 నమూనాల్లో 368, అంటే నూటికి 5.7, హద్దు దాటి ఎం1 ఉన్నవి. పాలలో నీళ్ల గురించి, యూరియా గురించి అందరూ మాట్లాడుకుంటారు. ఆ సర్వేలో పెద్దగా బయటపడింది మాత్రం ఈ విషం. అది ఎవరో కలిపింది కాదు, మేతతో పాటు వచ్చింది. తర్వాత 2020లో అమ్మకపు దాణాకు ఐఎస్ 2052 ప్రమాణం ఉండాలని ఆ సంస్థ ఆదేశించింది. పాడి అప్పులు తీసుకున్న అక్కలు దాణా సంచి కొనేటప్పుడు ఆ గుర్తు చూసుకోవాలి.

మందు కన్నా ముందు జాగ్రత్త: ఏం తేలింది?

విషం పుట్టాక తీసేయడం కష్టమని ఇన్నేళ్ల అనుభవం చెబుతోంది. వేయిస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఉడికించినా అంతే. దాణాలో కలిపే ఒక రకం బంకమన్ను విషాన్ని పట్టుకుని పశువు కడుపులోంచి బయటికి పంపుతుందని 1980లలో తెలిసింది. కోళ్ల ఫారాల వాళ్లు ‘టాక్సిన్ బైండర్’ అని వాడేవాటిలో అదొకటి. అది సాయం చేస్తుంది కానీ పాడైన చెక్కను మంచి చెక్కగా మార్చదు.

అందుకే శాస్త్రవేత్తలు చేను దగ్గరికే వెళ్లారు. 1972లో పటాన్‌చెరువులో మొదలైన ఇక్రిశాట్, మన వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి అనంతపురం, చిత్తూరు జిల్లాల ఊళ్లలో రైతులతో పనిచేశాయి. అక్కడ తేలిన ముఖ్యమైన సంగతి, బూజు గోదాములోనే పట్టదు, నేలలోనే పడుతుంది. పంట చివరి నెలలో వాన ముఖం చాటేస్తే నేల వేడెక్కి, కాయ బలహీనపడి, బూజు లోపలికి దూరుతుంది. అనంతపురం లాంటి చోట అది తరచూ జరిగేదే. కాబట్టి ఆ సమయంలో వీలుంటే ఒక తడి ఇవ్వడం, పూత వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం, పశువుల ఎరువులో ట్రైకోడెర్మా కలిపి చల్లడం, కాయ ముదరగానే ఆలస్యం చేయకుండా పీకడం వంటివి చెప్పారు.

పీకాక పని అంతా మన చేతుల్లోదే. పచ్చి చెట్లను అలాగే వామి వేస్తే లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది. కాయలు పైకి ఉండేలా చెట్లను తిరగేసి రెండు మూడు రోజులు ఎండనిస్తే కాయ త్వరగా ఆరుతుంది. గింజ ఊపితే గలగలమనాలి, నలిపితే పొట్టు ఊడాలి. మీటరు పెట్టి చూస్తే తేమ 8 శాతం దాటకూడదు. ఒలిచేటప్పుడు మెత్తబడాలని కాయల మీద నీళ్లు చల్లే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఎండబెట్టిన శ్రమంతా ఆ ఒక్క చెంబు నీళ్లతో పోతుంది.

పరీక్ష కూడా మారింది. ఒకప్పుడు పెద్ద ప్రయోగశాలలకే వీలయ్యే పరీక్షను ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో చేసే విధంగా తయారుచేసింది. ఆఫ్రికాలోని మలావీలో చిన్న రైతుల సంఘం ఒకటి ఉంది, పేరు నాస్‌ఫామ్. విషం వల్ల పోయిన ఐరోపా మార్కెట్‌ను ఆ సంఘం ఈ పరీక్షల సాయంతో, ఎండబెట్టడం, ఏరడం నేర్పుకుని తిరిగి సంపాదించుకుంది. ఒక్కో రైతు చేయలేని పనిని సంఘం చేయగలిగింది. మనకు అందులో నేర్చుకోవాల్సింది ఉంది.

నిల్వ విషయంలో కథ మళ్లీ పాతర దగ్గరికే వచ్చింది. ఇప్పుడు గాలి చొరబడని సంచులు వస్తున్నాయి. లోపలి గాలి అయిపోతే పురుగు చస్తుంది, బూజు పెరగదు. సూత్రం మన పెద్దలదే. ఒకటే షరతు, సంచిలో పోసే ముందు గింజ ఎండి ఉండాలి.

మన సమాఖ్య ముందున్న పని

‘పాడైనవి పారేయండి’ అని చెప్పడం తేలిక. బస్తాకు రెండు మూడు కిలోలు పారేస్తే ఆ డబ్బు ఎవరిస్తారు? ఏరడానికి పట్టే రోజు కూలి ఎవరిస్తారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేకుండా ఎన్ని శిక్షణలు పెట్టినా ఆచరణలోకి రావు. అందుకే వచ్చే ఏడాది కార్యాచరణలో చర్చించడానికి ఈ ప్రతిపాదనలు పెడుతున్నాం.

మొదటిది, ఏరివేతను పనిగా లెక్కించాలి. చిక్కీ, గానుగ నూనె, పిల్లల పొడి చేసే సంఘాలు ఖర్చు లెక్క వేసేటప్పుడు ఏరే కూలిని, తీసేసిన గింజ తరుగును ముందే కలిపి ధర కట్టాలి.

రెండోది, ఏరేసిన గింజ చట్నీలోకి, గానుగలోకి, గేదె కుడితిలోకి, కోళ్లకు పోకూడదు. ఊరికి దూరంగా కాల్చేయాలి. ఏరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

మూడోది, కోతల నెలల్లో గ్రామ సంఘం దగ్గర టార్పాలిన్లు అద్దెకు ఉండాలి. ఐకేపీ కొనుగోలు కేంద్రాల్లో వడ్లకు 17, మొక్కజొన్నకు 14 శాతం తేమ చూసే మీటరు మనకు అలవాటైనదే. కొనుగోళ్లు లేని రోజుల్లో అదే మీటరు ఇంటి గింజకు కూడా పనికొచ్చేలా ఏర్పాటు చేసుకోవాలి.

నాలుగోది, చెక్కను, దాణాను విడివిడిగా కాకుండా సంఘంగా కొందాం. వందల బస్తాలు కొనేటప్పుడు పరీక్ష కాగితం అడిగే హక్కు, బలం రెండూ మనకు ఉంటాయి. ఒక్క బస్తా కొనే మనిషికి ఆ కాగితం ఎవరూ చూపరు.

ఐదోది, ఊళ్లో ఒకేసారి చాలా ఇళ్లలో కామెర్లో, విరేచనాలో వచ్చినా, కుక్కలు, కోళ్లు, గేదెలు కలిసి జబ్బుపడినా, ‘ఏం తిన్నారు?’ అనే ప్రశ్న మన సంఘం నుంచే ముందు రావాలి. ఆ రోజు తిన్న గింజలో కొంత తీసి దాచి, ఆశా కార్యకర్తకు, పశువైద్యుడికి వెంటనే చెప్పాలి.

ఈ ప్రతిపాదనల మీద ప్రతి గ్రామ సంఘం సమావేశంలో మాట్లాడి, తీర్మానం రాసి పంపమని కోరుతున్నాం. కొన్ని ఊళ్లకు చెనక్కాయ లేదు, మొక్కజొన్న ఉంది. ఇంకొన్ని ఊళ్లకు పాడే బతుకుదెరువు. మీ ఊరికి ఏది సరిపోతుందో మీరే చెప్పాలి. వచ్చిన తీర్మానాలన్నీ కలిపి జనరల్ బాడీ ముందు పెడతాం.